దారిలో మాట్లాడకూడని మందు

ఎల్లారెడ్డి,
20 జనవరి 2025

అనసూయా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. కానీ నీ ఉత్తరం అందిన రోజు నుండి నాకు మాత్రం క్షేమం లేదు.

నాకు పురస్కారం ఏందే? రెండో తరగతిలో బడి మానిన దాన్ని. భిక్నూరులో మీ పెరట్లో పలక మీద నువ్వు దిద్దించిన అక్షరాలే ఇప్పటికీ రాస్తున్నాను. మా వీధిలో ఒకామె పేరు ఏదో జాబితాలోకి ఎక్కిందట, పోయినేడు పింఛన్ ఆగింది. ఏ జాబితానో ఎవరికీ తెలియదు. రేపు నన్ను కూడా "ఈమెకు పురస్కారాలు వస్తున్నాయి, ఇంక పింఛనెందుకు" అంటే నేను ఎవరి ఇంటి ముందు నిలబడాలి?

పింఛన్ పోతే పోయింది. బావకు తెలిస్తే ఎట్లా? మా ఇంటి మందు సంగతి నీకు తెలుసు, కానీ మీ సంఘం వాళ్లకు తెలియదు. వాళ్లకు వివరంగా చెప్పు, అప్పుడైనా నా జోలి వదులుతారు. బర్రె పొదుగు వాచి, పాలు గడ్డలు కడితే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా తెల్లవారేసరికి మా గేటు దగ్గర ఉంటారు. అది మా మామ చేతి నుండి బావ మల్లయ్య చేతికి వచ్చిన మందు. పైసా తీసుకోరు, తీసుకుంటే పని చేయదంటారు. పేరు చెప్పరు, చెప్పినా పని చేయదంటారు. నేను పెరటి తలుపు వేసుకొని నూరాలి. బావ ఒక్క ఉండ మోదుగాకులో పెట్టి ఇవ్వాలి. తీసుకున్న మనిషి ఇల్లు చేరేదాకా దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు.

నలభై ఆరేళ్లు నోరు మూసుకొని నూరాను. దసరా సెలవుల్లో మగవాళ్లు వరి కోతకు పోయిన రోజు నీ మనవరాలు అనూహ్య వచ్చి పక్కన కూర్చొని "అవ్వా, ఏం నూరుతున్నవ్?" అంటే ఏడు నిమిషాల్లో అంతా చెప్పేశాను. ఫోన్లో వీడియో తీస్తానంటే చేతులు మాత్రమే తీయి, మొఖం వద్దన్నాను. మాట నిలబెట్టుకుంది, మొఖం తీయలేదు. కానీ కింద నా పేరు రాసింది.

ఆ పేరు తీసేయమను. నా మనిషి పోయి తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. ఈ ఇంట్లో నాది అనేది వంటింటి పక్క గది ఒక్కటే, అది కూడా బావ కాదంటే లేదు. ఫోన్ చేయకు. స్పీకర్ పెడితే గాని నాకు వినబడదు, పెడితే ఇల్లంతా వింటుంది. ఉత్తరం ఎప్పటిలాగే తండాలో రామ్లి పేరు మీద రాయి. రవికెలో పెట్టుకొని తెచ్చిస్తుంది.

భూదవ్వ


కామారెడ్డి,
29 జనవరి 2025

భయాల భూదవ్వకు,

నీ పెండ్లినాడు పందిరి నెత్తి మీద కూలుతుందేమోనని నువ్వు తల ఎత్తలేదు. అందరూ "పిల్లకు ఎంత సిగ్గో" అని మెచ్చుకున్నారు. నాకు మాత్రం తెలుసు, నువ్వు గుంజల వైపు చూస్తున్నావు.

విను. అనూహ్య రాసేది ఇంటర్నెట్‌లో తెలుగులో ఉన్న ఒక విజ్ఞాన సర్వస్వంలో. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు, ఎవరికీ ఏమీ చెల్లించక్కర్లేదు. అందులో రాసేవాళ్లు మా దిక్కున ఒక సంఘం పెట్టుకున్నారు. తమకు తెలిసినదాన్ని దాచుకోకుండా లోకానికి వదిలిన మనిషికి ఏటా ఒక పురస్కారం ఇస్తారు. పోయినేడు పాత పుస్తకాలు ఒక్కో పేజీ ఫోటో తీసి పెట్టిన రిటైర్డ్ పోస్ట్‌మాన్‌కు ఇచ్చారు. అంతకు ముందు, వాగుల వెంబడి నడిచి వాటి పేర్లన్నీ రాసుకొచ్చిన ఒక టీచరమ్మకు. శాలువా, జ్ఞాపిక, చప్పట్లు, ఉప్మా. సర్కారుకు దీనితో సంబంధం లేదు. నీ పింఛన్ వైపు ఎవరూ తొంగి చూడరు.

ఈసారి అనూహ్య పేరు అనుకున్నారు. "నాదేముంది, చెప్పిన అవ్వకు ఇవ్వండి" అని అది మొండికేసింది. ఫారం పంపితే నేను నింపాను, దాంతో పెట్టవలసినవి పెట్టాను. ఆదిలాబాద్ దిక్కు నుండి ఒకాయన అనూహ్యకు ఏం రాశాడో తెలుసా? ఆ వీడియో చూసి పూస్తే రెండు బర్రెలు తేరుకున్నాయట. "ఆ చేతులు ఎవరివమ్మా, దండం పెట్టుకుంటాను" అని అడిగాడు. నువ్వేమో ఆ చేతులను కొంగు కింద దాచుకుంటానంటున్నావు.

ఇంకా ఏదీ ఖాయం కాలేదు. కాస్త నిద్రపో.

అనసూయ


ఎల్లారెడ్డి,
4 మార్చి 2025

అనసూయా,

జరిగింది. నేను అనుకున్నట్టే జరిగింది.

మొన్న ఆదివారం పొద్దున నస్రుల్లాబాద్ నుండి దేవన్న అని ఒకతను బండి మీద వచ్చాడు. నేను పెరట్లో నూరుతున్నాను. అతను కడుపులో ఏమీ దాచుకోని మనిషి. ఫోన్ తీసి బావ ముందర పట్టి, పెరటి దాకా వినబడేటట్టు అన్నాడు.

"పటేలా, మా పోరగాడు ఇది సూపెట్టిండు. కలబంద, పసుపు, సున్నమట. గదేనా మీ మందు? గదే అయితే మా ఇంటెనుకనే ఉన్నది కలబంద. నిన్నటిదాంక పిల్లికి సుత పనికిరాదనుకున్న."

ఆ వీడియోలో ఉన్నవి నా చేతులే. మొఖం లేకపోతే ఏం, నా ఎడమ చూపుడువేలు వంకరని ఈ ఇంట్లో ఎరగనిది ఎవరు? బావ కొడుకు మల్లేష్ పెరటి తలుపు తోసుకొని వచ్చాడు.

"చిన్నమ్మా, ఏంది ఇది?"

"నాకేం తెలుసురా" అన్నాను, చేతిలో కలబంద మట్ట పట్టుకొని.

"నీ ఏలు నాకు ఎర్కలేదా? మూడు తరాల సంది దాసుకున్నం. ఊర్ల మనకు గింత మర్యాద ఉన్నదంటే గీ మందుతోనే. రేపటి సంది మన గడపకు ఎవడొస్తడు?"

"పైసలు తీసుకోం గద రా. రాకుంటే మనకు పోయేదేముంది?"

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. మల్లేష్ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

బావ లోపలికి వచ్చి గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. తమ్ముని పెండ్లాంతో నేరుగా మాట్లాడడు కదా. "ఆమెను ఒక్క మాట చెప్పమను. అది మందు గాదు, పిల్ల అడిగితే ఉత్తగనే ఏందో చెప్పిన అనుమను. గా మాట ఫోన్ల పెట్టియ్యమను. చెప్పకపోతే ఆమె తొవ్వ ఆమెది."

ఆమె తొవ్వ ఆమెది. ఈ వయసులో నాకు ఏ దారి ఉంది చెప్పు? చెప్పేస్తాను అనసూయా. ఒక్క అబద్ధమే కదా. అనూహ్యతో ఆ పేజీలో "భూదవ్వ చెప్పింది తప్పు" అని రాయించు. ఇంకో భయం కూడా ఉంది. పేరు చెబితే మందు చెడుతుందన్నారు కదా, నిజంగానే చెడితే? ఎక్కడ బర్రెకు జబ్బు చేసిందని విన్నా నా వల్లనేమో అనిపిస్తుంది.

త్వరగా రాయించు. బావ ఉగాది దాకా గడువు ఇచ్చాడు.

భూదవ్వ


కామారెడ్డి,
12 మార్చి 2025

భూదవ్వా,

రాయించను.

నీ భయాలన్నిటికీ అరవై ఏళ్లుగా తల ఊపాను. దీనికి ఊపను. అనూహ్యను అడిగాను. "అమ్మమ్మా, ఆ పేజీ ఇప్పుడు నాది కాదు, అవ్వది కూడా కాదు. తప్పని తేలితే ఎవరైనా తీసేయొచ్చు. తప్పు కాదని తెలిసి తప్పని నేను మాత్రం రాయను" అంది. మొండితనం ఎవరి నుండి వచ్చిందో నన్ను అడగకు.

అన్నట్టు ఆ సంఘంలో అరుణ్‌కుమార్ అని పశువుల డాక్టర్‌గా చేసి రిటైరైన ఆయన ఉన్నాడు. ఆ మూడింటి మందు పశువైద్యులు ఎరిగినదేనట. పుస్తకంలో ఉన్న ఆధారం తెచ్చి పేజీలో చేర్చాడు. వాపు ముదిరితే ఆలస్యం చేయకుండా పశువుల దవాఖానకు తోలుకుపోవాలని కూడా రాశాడు. చూశావా, మీ ఇంట్లో మూడు తరాలు తలుపు వేసుకొని దాచింది ఎక్కడో అచ్చులో కూడా ఉంది! కానీ ఆ పుస్తకం ఎల్లారెడ్డి బర్రెల దాకా రాలేదు. నీ చేతులు వచ్చాయి. మందు చెడుతుందేమో అంటున్నావు. కలబందకు చెవులున్నాయా, తన పేరు ఎవరు పలికారో వినడానికి?

పురస్కారం నీకే ఖాయమైంది. జూన్ ఒకటి, ఆదివారం, ఇక్కడ కామారెడ్డిలోనే సభ.

నాకు ఒకటి చెప్పు. అనూహ్య కంటే ముందు నువ్వు రామ్లికి చెప్పావు. నాలుగేళ్ల కింద తన బర్రె బతికినప్పుడు ఆమే నాతో అంది. నీడను చూసి జంకే దానివి, ఆ మొదటిసారి ఎందుకు చెప్పావే?

అనసూయ


ఎల్లారెడ్డి,
24 మార్చి 2025

అనసూయా,

ఇది చదివి పొయ్యిలో పెట్టు.

పన్నెండేళ్ల కింద రామ్లి, ఆమె మొగుడు రూప్లా ఒక బర్రెను కొన్నారు. ఆ పాలు అమ్మిన పైసలతోనే పిల్లను బడికి పంపేవాళ్లు. బర్రెకు పొదుగు వాచింది. రామ్లి చీకటితో లేచి తండా నుండి నడిచి వచ్చింది. మా ఇంట్లో తండా వాళ్లకు అందరి తర్వాత ఇస్తారు. ఎండ ఎక్కేదాకా గేటు బయట నిలబడి, ఒక్క ఉండ తీసుకొని, మాట్లాడకుండా పోయింది. మరుసటి రోజు అట్లాగే వచ్చింది, ఆ మరుసటి రోజు కూడా. నాలుగో రోజుకు పొదుగు రాయి అయింది. మళ్లీ పాలు పడలేదు.

ఏడుస్తూ వచ్చింది. ఆ రోజు బావ లేడు. నేనే ఎదురుపడ్డాను.

"తొవ్వల మాట్లాడినట్టున్నవ్ రామ్లీ" అన్నాను.

"లేదక్కా, నా బిడ్డ మీద ఒట్టు. నోరే తెరువలె."

"అయితే ఎనుకకు సూసినవ్."

కాసేపు ఆలోచించింది. "కుక్క మొరిగితే ఒక్కపారి సూసిన కావచ్చక్కా" అంది. తప్పు తనదే అని ఒప్పుకొని పోయింది. బర్రెను అమ్ముకున్నారు. మొగుడూ పెండ్లాం చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర దిక్కు పోయారు, రెండు సీజన్లు. పిల్లను కూడా తీసుకుపోయారు. ఆ పిల్ల మళ్లీ బడికి పోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అదే నెలలో మా కొట్టంలో బర్రెకు కూడా వాచింది. దానికి నేను పొద్దున కడిగి పూసి, గంట ఆగి మళ్లీ కడిగి పూసి, రోజుకు పది సార్లు పూశాను. ఐదు రోజులు. మా అత్త నాకు అట్లాగే నేర్పింది. అట్లా పూస్తేనే అది పని చేస్తుంది. నలభై ఆరేళ్లలో మా కొట్టంలో ఒక్క బర్రె పొదుగు చెడలేదు. బయటి వాళ్లకు మాత్రం రోజుకు ఒక్క ఉండ. పది సార్లు ఇవ్వాలంటే నూరడం నేర్పాలి, నేర్పితే మళ్లీ మా గేటు దగ్గరికి ఎవరు వస్తారు? బాగైతే అది మా చేతి గొప్ప. చెడితే అది వాళ్లు మెడ తిప్పిన తప్పు.

ఇది బావకు తెలుసు. నాకూ తెలుసు. తెలిసే "ఎనుకకు సూసినవ్" అన్నాను.

అందుకే నాలుగేళ్ల కింద రామ్లి రెండో బర్రెకు వాచినప్పుడు పెరటి తలుపు తీసి లోపలికి పిలిచాను. నూరే రాయి ముందర కూర్చోబెట్టి చూపించాను. కానీ మొదటి బర్రె సంగతి ఈ రోజుకూ చెప్పలేదు. కుక్క మొరిగితే తల తిప్పినందుకే తన బర్రె పోయిందని ఇప్పటికీ అనుకుంటుంది. ఈ ఉత్తరాన్ని డబ్బాలో వేసేది కూడా ఆమే. పాపం, చదవడం రాదు.

అబద్ధమని చెప్పలేను. నిజమని పదిమందిలో చెప్పే ధైర్యం కూడా లేదు. నాకు ఏ పురస్కారమూ వద్దు. నీకు దండం పెడతాను, ఇది ఎవరికీ చూపకు.

భూదవ్వ


కామారెడ్డి,
2 ఏప్రిల్ 2025

భూదవ్వా,

పొయ్యిలో పెట్టలేదు. అంతకంటే పెద్ద తప్పు ఒకటి చేశాను. నువ్వు ఇంత విప్పి చెప్పాక నేను దాచడం బాగుండదు.

ఫారంతో పాటు "ఆ మనిషి సొంత మాటలు ఉంటే జతచేయండి" అన్నారు. నీ జనవరి ఉత్తరం పెట్టాను. మార్చి మొదట్లో వచ్చినది కూడా ఇచ్చాను, బావ అన్న మాటలు ఉన్నది. సంఘంలో ఐదుగురు చదివారు. అవి చదివాకే నీ పేరు ఖాయం చేశారు. చివరిది ఇవ్వలేదు. కానీ బల్ల మీద ఉంటే అనూహ్య చదివింది. సాయంత్రం "అమ్మమ్మా, అవ్వను అడిగే ఇచ్చినవా ఆ ఉత్తరాలు?" అంది.

నీ మంచికే అనుకున్నాను.

అనసూయ


ఎల్లారెడ్డి,
19 ఏప్రిల్ 2025

అనసూయమ్మ గారికి,

మీరు చదువుకున్నవారు. మాలాంటి వాళ్ల ఉత్తరాలు ఎవరికి చూపాలో మీకే బాగా తెలుస్తుంది.

బావ నా నోరు మూయమని తొవ్వ చూపిస్తాడు. నువ్వేమో నా నోట్లోది తీసి ఐదుగురికి పంచుతావు. ఇద్దరిలో ఒక్కరూ నన్ను అడగలేదు. తెలిసింది అందరికీ పంచడమంటే ఇదేనా, అడగకుండా తీసుకోవడమా? నీకంటే నీ మనవరాలు నయం. వీడియో తీసే ముందు "అవ్వా, దీన్ని ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. నువ్వు సరే అంటేనే తీస్త" అని రెండుసార్లు అడిగింది. నేను సరే అన్నాను. నేను ఇచ్చింది ఆ ఏడు నిమిషాలు. ఉత్తరాలు ఇవ్వలేదు.

మూడు రోజులు కోపంతో వంట కూడా చేయలేదు. నాలుగో రోజు ఒక సంగతి తట్టింది. నేను దాచిందంతా నువ్వు చదివావు, అనూహ్య చదివింది. సగం మీ సంఘం వాళ్లు చదివారు. చదవనిది ఎవరు? రామ్లి. దాన్ని మోసింది రామ్లి. ఎవరి బర్రె పోయిందో ఆమెకు తప్ప అందరికీ తెలిసింది!

తండాకు నడిచి పోయాను. బర్రెకు నీళ్లు పెడుతోంది. నిలబడే అంతా చెప్పాను, మా కొట్టంలో పది సార్లు పూసిన సంగతి, ఆమెకు ఒక్కసారి ఇచ్చిన సంగతి, తెలిసే ఆ మాట అన్న సంగతి. రామ్లి బకెట్ కింద పెట్టింది. "నా బిడ్డ బడి, అక్కా" అంది. అంతే. లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఎండలో చాలాసేపు నిలబడ్డాను. తియ్యలేదు. ఎందుకు తియ్యాలి?

వారం దాకా మా దిక్కు రాలేదు. ఇంక ఈ జన్మలో రాదనుకున్నాను. నిన్న వచ్చింది. కూర్చోలేదు.

"అక్కా, నేను నిన్ను ఏమంటనో నాకే తెల్వదు. అనంగ అంట, ఎప్పుడో. కని గీ మాట నా ఒక్కదానికే చెప్తే సాలదు. గేటు కాడ నాతోని ఎంత మంది నిలబడ్డరు? తొవ్వల మాట్లాడిన్నేమో అనుకుంట ఎంతమంది ఏడుస్తున్నరు? గా సభల చెప్పు. నేను పక్కపొంటి నిలబడి వింట, ఏం తప్పిపోతవో సూస్త."

ఉగాది పోయింది. బావ రోజూ గోడను అడుగుతున్నాడు, "చెప్పిందా?" అని. నేను పలకడం లేదు. జూన్ ఒకటిన వస్తున్నాను. నీ ఫారం కోసం కాదు, మీ శాలువా కోసం కాదు. రామ్లికి వేదిక మీద కుర్చీ వేయించు. వేయకపోతే నేను కూడా కింద కూర్చుంటాను.

భూదవ్వ


కామారెడ్డి,
4 జూన్ 2025

భూదవ్వకు,

సభలో నువ్వు నాతో ముక్తసరిగా మాట్లాడావు. అది నాకు తగినదే. క్షమించమని అడగను, అడిగితే నువ్వు కంగారుపడి క్షమించేస్తావు. నీకు వేదిక మీద నుండి కనబడనివి రాస్తాను.

శాలువా కప్పబోయినప్పుడు నువ్వు చెయ్యి అడ్డం పెట్టి "ఆగుండ్రి సారు, ముందుగాల నా మాట కానియ్యుండ్రి. ఇది కప్పితే ఉక్కపోస్తది, మర్చిపోత" అన్నావు. అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. "మా బర్రెలకు పది సార్లు పూసుకున్నం, మీ బర్రెలకు ఒక్కసారి ఇచ్చినం. మీరు మాట్లాడినందుకు గాదు, సూసినందుకు గాదు" అని నువ్వు అంటున్నప్పుడు మూడో వరుసలో మా భిక్నూరామె ఒకతె, ఈరవ్వ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కామెతో "ఇరవై ఏండ్లాయె. మా అత్త సచ్చేదాంక నన్నే అన్నది, నువ్వు తొవ్వల నవ్వినవని" అంటోంది. అరుణ్‌కుమార్ డాక్టర్ రాసుకోవడం ఆపి కళ్లద్దాలు తీసేశాడు.

మీ మల్లేష్ కూడా వచ్చాడు, తెలుసా? వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. నువ్వు ఇంటి పేరు చెబుతావని చూశాడు. నువ్వు బావ పేరు ఎత్తలేదు, "నేను" అనే అన్నావు, "నూరిన చెయ్యి నాది, అన్న నోరు నాది" అని. అప్పుడు వెళ్లిపోయాడు.

రామ్లి నీ పక్కన నిలబడి ఒక్కో మాటకు వేలు ముడుచుకుంటూ వింది. ఏదీ తప్పిపోలేదన్నట్టు చివర్లో తల ఊపింది. నేను చప్పట్లు కొట్టింది దానికి.

నిన్న అనూహ్య చెప్పింది, నీ గదికి తాళం వేశారట, సామాను బయట పెట్టారట. ఇక్కడ గది ఖాళీగా ఉంది. నీతో చెప్పేది ఇక్కడ ఎవరూ గోడకు చెప్పరు. బస్సు ఎక్కి రా.

అనసూయ


ఎల్లారెడ్డి,
11 జూన్ 2025

అనసూయా,

రాను.

కోపంతో కాదు. కోపం ఇంకా కొంచెం ఉంది, దాని గురించి తర్వాత కొట్లాడదాం. ముందు ఇక్కడి సంగతి విను.

సభ నుండి వచ్చేసరికి నా పెట్టె, పరుపు, నూరే రాయి అన్నీ వీధి అరుగు మీద ఉన్నాయి. మల్లేష్ గడపలో నిలబడి "రాయి సుత నీదే గద చిన్నమ్మా, తీస్కపో. నీ మందు నువ్వే నూరుకో" అన్నాడు. అక్కడే వాడు తప్పు చేశాడు. పెట్టె బయట పెట్టినా రాయిని లోపలే ఉంచుకోవలసింది.

ఆ రాత్రి అరుగు మీదనే పడుకున్నాను. మరుసటి రోజు పొద్దున మహమ్మద్‌నగర్ నుండి ఇద్దరు వచ్చారు. వాళ్లకు ఈ గొడవ తెలియదు, ఎప్పటిలాగే నోరు మూసుకొని గేటు దగ్గర నిలబడ్డారు. "రాండ్రి, గిట్ల కూసోండ్రి, గట్టిగ మాట్లాడుండ్రి" అన్నాను. నలభై ఆరేళ్లు తలుపు వేసుకొని నూరిన దాన్ని, వీధిలో, ఎండలో, అందరూ చూస్తుండగా నూరాను. కలబంద చెక్కు తీయడం దగ్గర నుండి చూపించాను. పసుపు అయిపోతే మల్లేష్ పెండ్లాం పల్లవి కిటికీలోంచి డబ్బా అందించింది. "మా మామకు చెప్పకు చిన్నత్తా" అంది. మామ ఆ కిటికీ వెనకే కూర్చున్నాడు, దగ్గాడు కూడా.

తెలిసిపోయాక ఎవరూ రారని కదా వీళ్ల భయం. రోజూ ఐదారుగురు వస్తున్నారు. ఒక్కసారి నూరి పోయినవాళ్లు కూడా మళ్లీ వస్తున్నారు, నీళ్లు ఎక్కువయ్యాయా, సున్నం మండుతుందా అని అడగడానికి. దేవన్న తన ఇంటి వెనక కలబంద మూట కట్టి తెచ్చాడు. ఒకామె నన్ను తిట్టడానికే వచ్చింది. తన బర్రె పోయి పదేళ్లట. అరుగు మీద కూర్చోబెట్టి తిట్టినంతసేపు విన్నాను. పోయేటప్పుడు నేర్చుకొని పోయింది. జ్ఞాపిక రామ్లి ఇంట్లో ఉంది. దాని మీద నా పేరు ఉంది కదా, ఎత్తుకపోయిందంటారేమోనని ఆమెకు భయం. భయం నా నుండి ఆమెకు అంటుకున్నట్టుంది. ఆమె ఇంకా నాతో నవ్వుతూ మాట్లాడదు. కానీ రోజూ రొట్టె తెస్తుంది.

నిన్న పొద్దున బావ తలుపు తీసుకొని గడపలోకి వచ్చాడు. అరుగు మీద దేవన్న, రామ్లి, ఇంకా నలుగురు ఉన్నారు. బావ గోడకు చెప్పాడు.

"తాళం తీసినం. ఆమెను లోపలికి రమ్మను. గీ వీధిల కూసునుడేంది, ఇంటి ఆడది."

ఒక్క క్షణం లేచి పోదామనే అనిపించింది. నా గది, నా మంచం, కప్పు కింద పడుకోవడం. తర్వాత నేను కూడా గోడకే చెప్పాను.

"రమ్మంటే వచ్చుడు గాదు. నేను చెప్పింది నిజమే అనుమను. మనకు పదిసార్లు, మందికి ఒక్కసారి అని వీళ్ల ముందర తన నోటితోని అనుమను. గప్పుడు వస్త."

బావ తలుపు రెక్క పట్టుకొని నిలబడ్డాడు. ఎనభై ఏళ్ల మనిషి, అంతమంది ముందర ఆయనను నిలబెట్టడం నాకు బాగా అనిపించలేదు. కానీ నేను తల దించలేదు. రామ్లి నిలబడింది కూడా ఆ గేటు బయటే కదా, ఎండ ఎక్కేదాకా. చివరకు ఆయన ఏమీ అనకుండా లోపలికి పోయాడు. తలుపు మాత్రం వేయలేదు.

ఈ పొద్దు కూడా తెరిచే ఉంది. లోపల పాలు పొంగుతున్న వాసన వస్తుంది. మల్లేష్ రెండుసార్లు వచ్చి "చిన్నమ్మా, ఇగ సాలు" అన్నాడు, ఈసారి మెల్లగా. "మీ బాపుకు చెప్పు" అన్నాను.

నాకు భయం పోయిందనుకోకు. పాము వస్తుందేమో, జ్వరం వస్తుందేమో, బావ అనకుండానే కాలం చేస్తాడేమో అని అన్ని భయాలూ ఉన్నాయి. అన్నీ పక్కన పెట్టుకొనే కూర్చున్నాను. మిరుగం కార్తె మొదలైంది. పడమర దిక్కు నల్లగా కమ్ముకొచ్చింది, గాలి తిరిగింది, అరుగు మీదికి జల్లు కొడుతోంది. కాగితం తడుస్తుంది, ఆపేస్తాను. ఇప్పుడే పల్లవి గడప దాటి బయటికి వచ్చింది, అందరూ చూస్తుండగానే, నాకు గొడుగు పట్టడానికి. నాకెందుకు, రాయి మీద పట్టమన్నాను.

భూదవ్వ